క్లిప్పుల గమ్ములోనే మందు కలిపితే?

మా మేనకోడలికి మొన్న వేసవి సెలవుల్లో పళ్ళ క్లిప్పులు తీసేశారు. 22 నెలలు ఓపిక పట్టింది పిల్ల. ఎత్తుపళ్ళు సర్దుకున్నాయి, వరుస కుదిరింది, అక్క సంబరం అంతా ఇంతా కాదు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాక మొదలైంది గొడవ. పై వరుసలో మధ్య రెండు పళ్ళకు అటూ ఇటూ ఉన్న చిన్న పళ్ళ మీద, బ్రాకెట్ (వైరును పట్టి ఉంచే చిన్న ముక్క) అంటించిన చోటు చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత. ఏళ్ళ తరబడి గోడకు వేలాడిన పటం తీసేస్తే దాని అంచు గుర్తు మిగిలిపోతుందే, అలాగ. బ్రాకెట్ కింద దాగిన పన్ను మాత్రం శుభ్రంగా ఉంది.

"సరిగా బ్రష్ చేసుకోలేదమ్మా" అనేశారట డాక్టరుగారు. పిల్లకు ఒళ్ళు మండింది. "రోజూ రెండుసార్లు తోముకున్నాను మామయ్యా. అయినా ఆ గమ్ము రెండేళ్ళు పంటికే అంటుకుని ఉంటుంది కదా, అందులోనే క్రిముల్ని చంపే మందేదో కలిపేస్తే పోయేది కదా?" అంది.

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, పదిహేనేళ్ళకు పైగా ఎన్నో దేశాల దంత పరిశోధకులు సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారని. వాళ్ళు కలిపి చూస్తున్న మందుల్లో ఎక్కువ పేరు వినబడేది నానో కణాలది: వెండి, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, చివరికి రొయ్యల పొట్టు, పసుపు కూడా. ఇన్నేళ్ళయినా అది మన వీధి చివరి క్లినిక్‌లో మామూలు గమ్ము ఎందుకు కాలేదన్నది చెప్పాలంటే ముందు ఆ తెల్లగీత సంగతి చూడాలి.

పన్ను పైపొర ఎనామెల్. బరువులో 96 శాతం దాకా ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికాలు. మన ఒంట్లో ఇంతకన్నా గట్టి పదార్థం లేదు. అంత గట్టిదీ ఆమ్లానికి లొంగిపోతుంది. పంటి మీద పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే కిందకు దిగితే స్ఫటికాల్లోని ఖనిజం కరిగి బయటకు రావడం మొదలవుతుంది. ఆ ఆమ్లాన్ని తయారుచేసేది పాచి, అంటే పంటిని పట్టుకుని గుంపుగా బతికే బ్యాక్టీరియా. అందులో పేరుమోసినది స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. 1924లో కిలియన్ క్లార్క్ దీన్ని పుచ్చుపళ్ళ నుంచి వేరుచేసి పేరు పెట్టాడు. పంచదార అందితే చాలు, ఇది ఓ పక్క ఆమ్లం తయారుచేస్తుంది, ఇంకో పక్క పంటికి గట్టిగా అతుక్కోవడానికి కావలసిన జిగురూ తయారుచేసుకుంటుంది. తీపి టీ తాగిన కొద్ది నిమిషాల్లోనే పాచి కింద పీహెచ్ పడిపోతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. ఆ గంట గడవకముందే బిస్కెట్టో చాక్లెట్టో నోట్లో పడిందా, లాలాజలం పని మళ్ళీ మొదటికి.

క్లిప్పులు వేసిన నోట్లో పాచికి దాక్కునే చోట్లు ఎక్కువ. బ్రాకెట్ రెక్కల కింద, వైరు వెనక, చిగురుకూ బ్రాకెట్‌కూ మధ్యనున్న సన్నటి సందులో. బ్రష్ పీచు అక్కడ సరిగా ఆనదు. ఇలాంటి చోట తెల్లమచ్చ కంటికి కనబడే స్థితికి రావడానికి నాలుగు వారాలు చాలు. 1982లో అమెరికాలో గోరెలిక్, మరో ఇద్దరు కలిసి చేసిన పరిశోధనలో, క్లిప్పుల చికిత్స పూర్తయినవాళ్ళలో దాదాపు సగం మందికి కనీసం ఒక పంటి మీదైనా తెల్లమచ్చ కనిపించింది. క్లిప్పులు వేయించుకోనివాళ్ళలో అలాంటివాళ్ళు నాలుగో వంతు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నవి పై వరుసలో మధ్య పళ్ళ పక్కవి, అంటే మా పిల్లకు మచ్చలొచ్చిన పళ్ళే. ఆ పరిశోధనలో ఇంకో విచిత్రం కూడా ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

మచ్చ తెల్లగానే ఎందుకుంటుంది? ఐస్ గోలా బండి దగ్గర ఒకసారి గమనించండి. ఐసుగడ్డ గాజులా ఉంటుంది, దాన్ని తురిమితే తెల్లగా అయిపోతుంది. పదార్థం అదే, మధ్యలో గాలి చేరి వెలుతురు చెల్లాచెదురవుతుంది. ఎనామెల్‌లోనూ అంతే. పైచర్మం లాంటి సన్నటి పొర నిలిచే ఉంటుంది, దాని కింద ఖనిజం పోయి కంటికి కనబడని రంధ్రాలు పడతాయి. ఆ రంధ్రాల్లో తడి ఉంటే మచ్చ లేతగా, తడి ఆరి గాలి చేరితే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డాక్టరు గాలి గొట్టంతో పన్ను ఆరబెట్టి చూసేది ఇందుకే. క్లిప్పులు తీసిన రోజు పళ్ళు చాలాసేపు పొడిగా ఉంటాయి కాబట్టి ఆ రోజు మచ్చలు ఉన్నదానికన్నా భయంకరంగా కనిపిస్తాయి. తర్వాత కొన్ని నెలల్లో లాలాజలంలోని కాల్షియం చేరి కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవని మాత్రం ముందే అనుకోవాలి.

మన దగ్గర దీనికో అదనపు చిక్కుంది. నల్గొండ వైపు, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి, దర్శి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. దానివల్ల వచ్చే జబ్బే ఫ్లోరోసిస్. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. ఫ్లోరోసిస్ వల్ల కూడా పళ్ళ మీద తెల్లటి చారలొస్తాయి. అవి పన్ను చిగురులో ఉన్నప్పుడే పడ్డవి, సాధారణంగా రెండు వైపులా ఒకే తీరుగా, అంచు తెలియకుండా పరుచుకుని ఉంటాయి. క్లిప్పుల మచ్చ బ్రాకెట్ అంచును పట్టుకుని ఉంటుంది. క్లిప్పులు వేయించే ముందు పళ్ళ ఫొటోలు తీయించి ఉంచుకుంటే రెండేళ్ళ తర్వాత ఏ మచ్చ ఎప్పటిదన్న తగువు ఉండదు. ఫ్లోరోసిస్ పన్ను ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు గనక బ్రాకెట్లు అంటించడమూ కష్టం, ఊడిపోవడమూ ఎక్కువ.

ఆమ్లానికి లొంగాల్సిన పని ఏముంది అంటారేమో. అంటించడమే ఆమ్లంతో మొదలవుతుంది మరి. కుర్చీలో కూర్చోబెట్టి పెదాలు లాగిపెట్టే ప్లాస్టిక్ చట్రం తగిలిస్తారు. పంటి మీద నీలంరంగు జెల్ ఒక చుక్క పెడతారు. 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం అది. 15 నుంచి 30 సెకన్లు ఉంచి, కడిగి, ఆరబెడితే అంతవరకు మెరిసే పన్ను ముగ్గుపిండి అద్దినట్టు పాలిపోతుంది. ఆ గరుకులోకి పల్చటి ద్రవం ఇంకుతుంది, దాని మీద బ్రాకెట్ వెనక ముద్ద రాసి నొక్కుతారు. చుట్టూ పొంగి బయటకొచ్చిన ముద్దను సూదిమొన లాంటి పనిముట్టుతో గీసి తీసేసి, నీలం లైటు కొడితే గట్టిపడిపోతుంది. పన్నును ఆమ్లంతో గరుకు చేసి అంటించే కిటుకును 1955లో మైఖేల్ బ్యూనోకోర్ చూపించాడు. అంతకుముందు ప్రతి పంటికీ స్టీలు పట్టీ తొడిగి సిమెంటుతో బిగించేవాళ్ళు. ఇప్పటికీ దవడ పళ్ళకు చాలా చోట్ల ఆ పట్టీలే.

ఆ గీసి తీసేసే ముద్ద దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఎంత గీసినా బ్రాకెట్ అంచు వెంట వెంట్రుకంత గమ్ము మిగులుతుంది. అది ఎనామెల్ కన్నా గరుకు. పాచి మొదట పట్టుకునేది ఎక్కువగా అక్కడే. మొత్తం కథంతా ఆ అంచు చుట్టూ ఒక మిల్లీమీటరులో నడుస్తుంది.

గమ్ముతోనే పన్నును కాపాడాలన్న ఆలోచన నానో కణాలతో పుట్టింది కాదు. 1972లో లండన్‌లో అలాన్ విల్సన్, బ్రయన్ కెంట్ గ్లాస్ అయనోమర్ సిమెంట్ గురించి ప్రకటించారు. దాన్నుంచి ఫ్లోరైడ్ తనంతట తాను బయటకొస్తుంది, పన్నుకు బలమిస్తుంది. ఇంకేం, క్లిప్పులకు ఇదే మందు అనుకున్నారు. రెండు చోట్ల తేడా కొట్టింది. బ్రాకెట్‌ను రెజిన్ గమ్ము, అంటే నీలం లైటుకు గట్టిపడే ఆ ముద్ద, పట్టినంత గట్టిగా ఇది పట్టలేదు. ఫ్లోరైడ్ కూడా మొదటి రోజుల్లో ధారగా వచ్చి తర్వాత చుక్కచుక్కకు పడిపోయింది. బీరువాలో కలరా ఉండలు పెట్టిన కొత్తలో వచ్చే ఘాటు ఆర్నెల్లకు ఉండదు కదా, అదే తీరు. దవడ పళ్ళ పట్టీల కింద మాత్రం ఈ సిమెంట్ ఇప్పటికీ నమ్మకంగా పనిచేస్తోంది. ముందు పళ్ళ బ్రాకెట్లు రెజిన్‌కే మిగిలాయి, రెజిన్‌కేమో క్రిములను ఆపే గుణం లేదు. ఆ ఖాళీలోకి వచ్చాయి నానో కణాలు.

నానో అంటే 100 నానోమీటర్ల లోపు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆ మ్యూటాన్స్ క్రిమి ఒక్కోటి 500 నుంచి 700 నానోమీటర్లుంటుంది, అంటే దానిముందు 20 నానోమీటర్ల వెండి కణం గుమ్మడికాయ పక్కన ఉసిరికాయ లాంటిది. చిన్నదైతే లాభమేమిటంటే ఉపరితలం. పక్కకు ఒక మిల్లీమీటరున్న గడ్డకు ఉపరితలం 6 చదరపు మిల్లీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ముక్కలుగా కోస్తే మొత్తం ఉపరితలం 6 లక్షల చదరపు మిల్లీమీటర్లు, అంటే ఒకరు పడుకునే మంచంలో ఇంచుమించు మూడో వంతు. కల్లుప్పు కన్నా మెత్తటి ఉప్పు త్వరగా కరగడానికి కారణం ఏదో, ఇక్కడా అదే. చిటికెడు కలిపితే చాలు, క్రిములకు తగిలే చోటు బోలెడు.

వెండి సంగతి అందరికన్నా మనకు బాగా అర్థం కావాలి. పూజగదిలో కుందులు, పన్నీరు బుడ్డి నెల తిరక్కుండా నల్లబడతాయి. గాలిలోని గంధకపు సమ్మేళనాలతో వెండి కలిసిపోవడం వల్ల వచ్చే నలుపు అది. గంధకమంటే వెండికి అంత ఇష్టం. బ్యాక్టీరియా ప్రాణం నిలిపే ప్రొటీన్లలో చాలావాటికి గంధకపు కొసలున్నాయి. వెండి కణం నుంచి విడివడ్డ అయాన్లు (విద్యుదావేశమున్న వెండి పరమాణువులు) వాటిని పట్టేసుకుంటాయి, ఆ ప్రొటీన్లు పనికిరాకుండా పోతాయి. కణ కవచం చిట్లుతుంది, డీఎన్ఏ పనీ దెబ్బతింటుంది. కుందిని నల్లబరిచే గుణమే క్రిమిని చంపుతోందన్నమాట. ఈ విషయం చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

అయితే ముందు పళ్ళ మీద వాడే గమ్ముకు రంగు ముఖ్యం. నానో వెండి కలిస్తే గమ్ము పసుపుకూ గోధుమరంగుకూ తిరుగుతుంది. మోతాదు పెంచితే నీలం లైటు లోపలికి దిగడమూ తగ్గి, అడుగున గమ్ము సరిగా గట్టిపడకపోవచ్చు. అందుకే కొందరు జింక్ ఆక్సైడ్ వైపు మళ్ళారు. అది తెల్లగా ఉంటుంది, పంటి వైద్యానికి కొత్తదీ కాదు. లవంగనూనె వాసనతో డాక్టరు తాత్కాలికంగా నింపే సిమెంట్‌లో ఉండేది అదే. టైటానియం డయాక్సైడ్ గోడ రంగుల్లో వాడే తెలుపు. అతినీలలోహిత కాంతి పడితే క్రిములను కాల్చే చురుకైన ఆక్సిజన్ రూపాలు దాని మీద పుడతాయి. ప్రయోగశాలలో లైటు వేసి పరీక్షిస్తే ఫలితం అద్భుతం. నోరు మూసుకుంటే చీకటి కదా అన్నది నాలాంటివాడికి కూడా వచ్చే అనుమానం. కైటోసాన్‌ను రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. భీమవరం చుట్టుపక్కల గుట్టలు పడే పొట్టుకు ఇలాంటి గౌరవం దక్కుతుందంటే సంతోషమే. దాని మీది ధన విద్యుదావేశం బ్యాక్టీరియా కవచం మీది రుణావేశాన్ని లాగి పట్టుకుంటుంది. పసుపులోని కర్క్యుమిన్‌తోనూ ప్రయత్నాలు జరిగాయి, పళ్ళ మీద పచ్చదనం ఎవరు భరిస్తారన్నది వేరే సంగతి.

ఇప్పుడు చిక్కుముడి అసలు పోగు దగ్గరికొచ్చాం. ఈ గమ్ము చెయ్యాల్సిన పనులు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. పట్టుకోవాలి: 1975లో రేనాల్డ్స్ వేసిన లెక్క ప్రకారం చదరపు సెంటీమీటరుకు 60 నుంచి 80 కిలోల బలం కావాలి. బ్రాకెట్ అడుగు సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే, గోరంత ముక్కకు 6 నుంచి 8 కిలోలు వేలాడదీసినా ఊడకూడదు. అదే గమ్ము రెండేళ్ళ తర్వాత పన్ను పెచ్చు లేవకుండా ఊడి రావాలి కూడా. మరీ గట్టిగా పట్టినా ముప్పే.

ఇంత సున్నితమైన ముద్దలో నానో పొడి కలిపితే అది రాగిజావలో పిండిలా ఉండలు కడుతుంది. ఇంత చిన్న కణాలకు ఒకదాన్నొకటి అంటుకోవడమే సహజం. ఉండ కట్టిన చోట ఉపరితలం లాభం పోతుంది, గమ్ముకు బలహీనమైన చోటూ ఏర్పడుతుంది. అందుకే ఈ ప్రయోగాల్లో మాటిమాటికీ కనబడే తీరు ఒకటే: మోతాదు తక్కువగా ఉన్నంతవరకు పట్టు నిలుస్తుంది, పెంచుతూ పోతే క్రిములు ఎక్కువ చస్తాయి, బ్రాకెట్లూ ఎక్కువ ఊడతాయి. చిగుళ్ళ కణాలకు హాని చేసే అవకాశమూ మోతాదుతోపాటే పెరుగుతుంది.

ఈ పట్టు పరీక్ష ఎలా చేస్తారో తెలుసా? క్లిప్పుల కోసం చోటు చాలక చాలామంది పిల్లలకు కోరపళ్ళ వెనక పళ్ళు తీయిస్తారు. ఆ తీసిన మంచి పళ్ళనే దాచి, ప్లాస్టిక్ దిమ్మెలో పాతి, బ్రాకెట్ అంటించి, యంత్రంతో పక్కకు తోసి ఎంత బలానికి ఊడిందో కొలుస్తారు. ఊడాక పంటి మీద ఎంత గమ్ము మిగిలిందో 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. కొంత గమ్ము పంటి మీదే మిగలడం మంచిది, ఎనామెల్ పెచ్చు లేచే భయం తగ్గుతుంది. తర్వాత దాన్ని మెల్లగా అరగదీస్తారు. నానో కణాలున్న గమ్మును అలా అరగదీసినప్పుడు లేచే ధూళి ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందన్నది రోజంతా అదే పని చేసే డాక్టరుకు చిన్న ప్రశ్న కాదు.

క్రిములను చంపే పరీక్ష ఇంకా తేలిక. గాజు పళ్ళెంలో బ్యాక్టీరియాను పెంచి మధ్యలో గమ్ము బిళ్ళ పెడతారు. మర్నాటికి బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని వలయం కనబడితే విజయం. ఫొటో బాగుంటుంది, వార్తకు శీర్షికా బాగుంటుంది. కానీ ఆ పళ్ళెంలో లాలాజలం లేదు. నోట్లో రోజుకు అర లీటరు నుంచి ఒక లీటరు దాకా ఊరుతుంది, బయటకొచ్చిన అయాన్లను కడిగేస్తుంది. ఆ పళ్ళెంలో చాలాసార్లు ఒకే జాతి క్రిమి ఉంటుంది. నోట్లో వందల జాతులు, అందులో చాలావరకు మనకు మేలు చేసేవో, ఊరికే ఉండేవో. పైగా పళ్ళెంలో లెక్క ఒక రోజుది, నోట్లో లెక్క 22 నెలలది.

కాలం సంగతి తేల్చడానికే ఇంకో దారి తొక్కినవాళ్ళున్నారు. మందు బయటకు వస్తేనే కదా అయిపోయేది, రానివ్వకుండా గమ్ములోనే కట్టిపడేస్తే? జపాన్‌లో ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన సతోషి ఇమజాతో అనే పరిశోధకుడు 1990లలో ఇలాంటి పదార్థం తయారుచేశాడు. క్రిమిని చంపే అమ్మోనియం సమ్మేళనం రెజిన్ గొలుసులోనే ఒక లంకెగా కలిసిపోతుంది. వచ్చి తగిలిన క్రిమికి కీడు, తగలనిదాని జోలికి పోదు. బాగుంది, కానీ లాలాజలంలోని ప్రొటీన్లు నిమిషాల్లోనే ప్రతి ఉపరితలం మీదా సన్నటి పొర కట్టేస్తాయి. ఆ పొర మీద చచ్చిన క్రిములు పరుచుకుంటే, వాటి మీద నిలబడ్డ కొత్త క్రిమికి కింద విషముందన్న సంగతే తెలియదు.

నా మట్టుకు నాకు ఇక్కడే విషయం తేటపడింది. మచ్చ పడేది గమ్ము కింద కాదు, గమ్ము పక్కన. కట్టిపడేసిన మందు గమ్ము దాటి రాలేదు. దాటి వచ్చే మందు రెండేళ్ళు రాలేదు. వెండి, జింక్ ఏది కలిపినా ఈ రెండిటి మధ్యే ఎక్కడో నిలబడాలి. ఆ మిగిలిపోయిన అంచు మీద మొదటి పాచి పట్టు పడకుండా చేసినా లాభమే అని పరిశోధకులు అనేది అందుకే. దాన్ని నేను కాదనను. మనుషుల నోట్లో నెలల తరబడి వాడి చూసిన పరీక్షలు మాత్రం గాజు పళ్ళెం పరీక్షల పక్కన బహు కొద్ది.

వెండికి క్రిములు అలవాటు పడవా అన్నది మరో అనుమానం. పడతాయి. 1975లోనే అమెరికాలో, కాలిన గాయాలకు వెండి మందు వాడే ఒక ఆసుపత్రి వార్డులో, వెండికి లొంగని సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా బయటపడింది. యాంటీబయాటిక్స్ విషయంలో చేసిన పొరపాటే పంటి గమ్ముతోనూ చెయ్యాలా అని అడిగేవాళ్ళను చాదస్తులని కొట్టిపారెయ్యలేం.

ఈలోగా "నానో" అని పేరు తగిలించి ఎక్కువ డబ్బడిగితే డాక్టరుగారిని అడగాల్సినవి రెండే. ఏ కణాలు, మనుషుల మీద ఎన్ని నెలలు చూశారు? జవాబు గాజు పళ్ళెం దగ్గరే ఆగిపోతే ఆ డబ్బుతో ఫ్లోరైడ్ పూత వేయించుకోవడం, పళ్ళ సందుల్లో దూరే చిన్న బ్రష్షులు కొనుక్కోవడం నయం.

ఇక ఆ 1982 విచిత్రం. క్లిప్పులు తీశాక పళ్ళు మళ్ళీ కదలకుండా కింది ముందు పళ్ళ వెనక ఒక సన్నటి వైరు అంటిస్తారు. అదీ అలాంటి గమ్మే, నానో కణమేదీ లేదు, బ్రష్ అందనిదీ అక్కడే, ఉండేది ఏళ్ళ తరబడి. గోరెలిక్ బృందం చూసినవాళ్ళలో ఆ వైరు చుట్టూ తెల్లమచ్చలు లేవు. నాలుక కింద లాలాజల గ్రంథుల నోళ్ళు సరిగ్గా ఆ పళ్ళ వెనకే తెరుచుకుంటాయి, రోజంతా అక్కడ మడుగు కట్టి ఉంటుంది. పై వరుసలో పెదవి వైపు ఆ తడి అంతగా చేరదు.

మా మేనకోడలికి కూడా ఆ వైరు వేశారు. మొన్న చూపించుకుంటే మచ్చేమీ లేదన్నారు. అదే లాలాజలంలోని కాల్షియం పేరుకుని గార మాత్రం కట్టిందట, గీకించుకు రమ్మన్నారు.